చక్కిలాల డబ్బాలో పడిన ఓట్లు

చప్పట్లు మొదలయ్యాక "లేదండీ" అనడం ఎంత కష్టమో నాకు ఆ ఆదివారం తెలిసింది. చోవా చూ కాంగ్‌లో ఒక ఫ్లాట్ల సముదాయం కింద, బాడుగకు ఇచ్చే హాలులో కూర్చున్నాం. ఉప్మా అయిపోయింది. టీ కప్పులు కుర్చీల కిందికి చేరాయి. మా తెలుగువాళ్ళ పెద్దాయన లేచి, నవ్వుతూ అందర్నీ ఒకసారి చూసి, "ఇంకేముందండీ, అందరికీ సమ్మతమే కదా! ఏకగ్రీవం!" అని మొదటి చప్పట్లు తానే కొట్టారు. హాలంతా అందుకుంది. నా పక్కన కూర్చున్నావిడ కూడా ఫోన్ ఒళ్ళో పడేసి మరీ కొట్టింది. దేనికి కొడుతోందో ఆవిడకు తెలియదని ఒట్టు పెట్టి చెప్పగలను.

నేను లేచి నిలబడ్డాను.

"లేదు సార్. నాకు సమ్మతం కాదు."

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరుసలో ఆగి, వెనక వరుసలో ఇంకా కాసేపు నడిచి, చివరికి ఎవరో ఒకాయన ఒంటరిగా రెండు దెబ్బలు కొట్టి సిగ్గుపడి ఆపేశాడు. పెద్దాయన ముఖంలో కోపం లేదు, నొప్పి ఉంది. ఇంటికి పిలిచి అన్నం పెడితే ఉప్పు ఎక్కువైందన్నట్టు చూశారు నన్ను.

సంగతేమిటంటే, మా తెలుగువాళ్ళం దేశమంతా ఒకే ఊరైన ఈ ద్వీపంలో మూడు చోట్ల పిల్లలకు ఆదివారం తెలుగు క్లాసులు నడుపుతున్నాం. చోవా చూ కాంగ్‌ది పెద్దది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు, బ్యాంకుల వాళ్ళు, పిల్లలు బోలెడు. తర్వాత క్లెమెంటి. అక్కడ యూనివర్సిటీ దగ్గర్లో ఉంది కాబట్టి పరిశోధకుల కుటుంబాలు ఎక్కువ. అన్నిటికన్నా చిన్నది మా సెంబవాంగ్. గుప్పెడు మంది పిల్లలు, ఒక పలక బోర్డు, నేను. మూడూ ఎవరికి వారే మొదలుపెట్టుకున్నవి. పుస్తకాలు తెప్పించడానికి, ఉగాది చేయడానికి మాత్రం ఒక్కటయ్యాం. ఆ ఉమ్మడి పనులన్నీ మా పెద్దాయన చూసేవారు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. హాలు బుక్ చేయడం దగ్గర్నుంచి పచ్చడికి వేపపువ్వు సంపాదించడం దాకా ఆయనే. మంచి మనిషి, ఆ మాట ముందే చెబుతున్నాను.

ఆయన ఆలోచన మూడు క్లాసులూ ఎత్తేసి అందర్నీ క్లెమెంటిలో ఒకే చోట కూర్చోబెట్టడం. అక్కడ ప్రతి ఆదివారం మంచి గదులు దొరుకుతాయి, వయసును బట్టి తరగతులు పెట్టొచ్చు, చదువు చెప్పేవాళ్ళు కలుస్తారు. చోవా చూ కాంగ్ నుంచి క్లెమెంటి ఎంతసేపని? రైలెక్కి, జురాంగ్ ఈస్ట్‌లో మారి, దిగడమే. మాకు అలా కాదు. సెంబవాంగ్ ఉత్తరాన ఓ మూల. ఆ రైలు ఊరి నెత్తి మీదుగా చుట్టి చుట్టి వస్తుంది. రానూ పోనూ కలిపితే సగం ఆదివారం రైల్లోనే.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఎందుకంత ఎగిరానో అర్థం కాదు. నంద్యాలలో డిగ్రీ కాలేజీలో ఏళ్ళ తరబడి రాజనీతి శాస్త్రం చెప్పినదాన్ని. మా ఆయన ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చాను. ఆయనకు ఉద్యోగి కార్డు, నాకు ఆయన మీద ఆధారపడిన మనిషినని ఇంకో కార్డు. ఆ కార్డు చూసుకున్నప్పుడల్లా ఒళ్ళు మండేది. సెంబవాంగ్ క్లాసు నేను పెట్టింది. మా బ్లాకు కింద గోడల్లేకుండా వదిలేసిన నేల అంతస్తులో, రాతి బల్లల దగ్గర, అ ఆలు దిద్దించడంతో మొదలుపెట్టింది. ఇతరులు రాకముందే బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడివాళ్ళ భాషలో 'చోప్' చేసుకుని, అంటే చోటు పట్టుకుని, పిల్లలు దిగేదాకా కాపలా కాసేదాన్ని. ఈ ఊళ్ళో నాది అని చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది. అది పోతే మిగిలేవి వంటిల్లూ, కారిడార్లో కరివేపాకు కుండీ.

అయితే హాలులో ఈ మాట చెప్పలేదు. షిప్‌యార్డ్ వాళ్ళావిడ మాట చెప్పాను. వాళ్ళాయన సెంబవాంగ్ షిప్‌యార్డ్‌లో సూపర్‌వైజరు, శ్రీకాకుళం వాళ్ళు. ఆదివారం కూడా ఆయనకు డ్యూటీ ఉంటుంది. ఆమెకు చంకలో పసివాడు, పదకొండేళ్ళ కూతురు. "అంత దూరం ఆమె ఎట్లా వస్తాది సార్, పసిబిడ్డను ఎత్తుకోని? ఆ పిల్ల చదువు ఆగిపోతాది" అన్నాను. ఆమె ఆ రోజు మీటింగుకు రాలేదు.

"అమ్మా, మనలో మనకి ఓటింగులూ పోటీలూ ఏంటండీ? ఇవేమన్నా ఎన్నికలా?" అన్నారు పెద్దాయన. "మా ఊరి పంచాయతీ ఎప్పుడూ ఏకగ్రీవమేనండి. ప్రభుత్వం బహుమతి కూడా ఇచ్చేది."

"మా ఊరిదీ ఏకగ్రీవమే సార్. ఎదురు నిలబడతానన్నోడి ఇంటికి పోయి నచ్చచెప్పేవాళ్ళు. ఎట్లా నచ్చచెప్పేవాళ్ళో నాకు తెలుసు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు ఒక కుర్రాడు, "సరే, ఎందుకొచ్చిన గొడవ, చేతులెత్తండి, లెక్కపెట్టేద్దాం" అన్నాడు. అదీ నాకు పనికిరాదు. హాలులో సగానికి పైగా చోవా చూ కాంగ్ వాళ్ళే. తలలు లెక్కపెడితే మా క్లాసు భవిష్యత్తు మా ఊరి వైపు ఎన్నడూ రానివాళ్ళ చేతుల్లోకి పోతుంది.

ఇంక ఆగలేక పాఠం మొదలుపెట్టాను. అమెరికా రాజ్యాంగం. ఎన్ని బ్యాచులకు చెప్పానో ఆ పాఠం! పదమూడు రాష్ట్రాలు కలిసి ఒక దేశం కావాలని కూర్చున్నప్పుడు వచ్చిన పెద్ద తగాదా ఇదే. జనాభా ఎక్కువున్న రాష్ట్రాలు మనుషుల్ని లెక్కపెట్టమన్నాయి. చిన్నవి, మాకూ మీతో సమానంగా మాట ఉండాలన్నాయి. మాటలు తెగిపోయేదాకా వచ్చి, చివరికి రెండు సభలు పెట్టుకున్నారు. ఒకదాంట్లో జనాభాను బట్టి, రెండోదాంట్లో చిన్నదానికీ పెద్దదానికీ ఒకే లెక్క. అంతటితో ఊరుకోలేదు. ఒక రాష్ట్రాన్ని ఇంకొకదాంట్లో కలపాలంటే ఆ రాష్ట్ర శాసనసభే ఒప్పుకోవాలని రాసుకున్నారు. నంద్యాలలో అది అయిదు మార్కుల జవాబు. పిల్లలు రాసుకునేవాళ్ళు, నేను మార్కులు వేసేదాన్ని. అది ఒకరి ప్రాణం మీదికొచ్చిన సంగతని నాకే ఎప్పుడూ తోచలేదు.

"పుస్తకాలు, ఉగాది, ఖర్చులు, అవన్నీ తలలు లెక్కపెట్టి తేల్చండి, మాకేం పేచీ లేదు. మా క్లాసు మూయాల్నా వద్దా అనేది మాత్రం మేము చెప్పాల" అన్నాను.

"ఇదేమన్నా అమెరికానా మేడం?" అన్నాడు ఆ కుర్రాడు.

నోరు మూసుకుని కూర్చుని ఉంటే బాగుండేది. టీచరు నోరు కదా, ఉదాహరణ లేనిదే ఆగదు. "మన దేశంలో అట్లా కాదు చూడండి. పార్లమెంటు తలుచుకుంటే రాష్ట్రాన్ని కలపొచ్చు, విడగొట్టొచ్చు. రాష్ట్రం అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పని లేదు" అనేశాను.

తెలుగువాళ్ళు నిండిన హాలులో, ఇక్కడ సగం అక్కడ సగం కూర్చున్నచోట, ఈ మాట అనేవాళ్ళు ఎవరైనా ఉంటారా? నేనున్నాను.

"అడక్కుండానే కదండీ ముక్కలు చేసింది!" అని కోస్తా వైపు నుంచి ఒక గొంతు లేచింది. వెంటనే ఇంకో వైపు నుంచి, క్లెమెంటిలో పరిశోధన చేసే వరంగల్ ఆయన లేచాడు. ఎప్పుడూ మెల్లగా మాట్లాడే మనిషి.

"మేడం, మీరు చెప్పిన రూల్ గనక ఉంటే మాకు రాష్ట్రం ఎన్నటికీ రాకపోతుండె. అసెంబ్లీల ఎక్కువమంది మీరే ఉంటిరి. రాష్ట్రాన్ని అడగాలె అంటున్నరు, మంచిదే. రాష్ట్రం అంటె ఒక్క మనిషా? లోపలున్నోళ్ళని ఎవరడుగుతరు?"

హాలు రెండుగా చీలింది. మర్యాదస్తులు, పిల్లలకు వేమన పద్యాలు నేర్పడానికి వచ్చినవాళ్ళు, నదుల నీళ్ళ దాకా పోయారు. పెద్దాయన చేతులు ఊపుతూ మధ్యలోకి వచ్చి, "అబ్బెబ్బే, ఆ సంగతి ఇక్కడొద్దు బాబూ, మీకు దండం పెడతాను! ఇంకో రౌండు టీ తాగండి! అమ్మా, సరే, మీ సెంబవాంగ్ వాళ్ళు కాదంటే మీ క్లాసు మూయం. చాలా?" అన్నారు.

"చాలదు సార్. చీటీల మీద ఓటు పెడదాం. చప్పట్లు వద్దు."

"చీటీలే. నేనే వస్తాను, నేనే లెక్కపెడతాను. ఇంక కూర్చోండి తల్లీ."

గెలిచానని ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను. మా అమ్మాయి అప్పుడు యూనివర్సిటీలో అమెరికా రాజకీయాల మీద ఒక పేపరు చదువుతోంది. చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే మాట చివర 'లా' తగిలించే ఈ ఊరి ఇంగ్లీషే. అన్నం తింటూ అంతా విని, మెచ్చుకుంటుందనుకుంటే, చారు గిన్నె పక్కకు జరిపి అడిగింది.

"అమ్మా, సెంబవాంగ్ వాళ్ళని అడిగావా?"

"అడిగేదేముంది? వాళ్ళ సంగతి నాకు తెలీదా?"

"నెవర్ ఆస్క్ మీన్స్ నెవర్ ఆస్క్ లా." వేలు ఊపుతూ, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో నాకే పాఠం చెప్పింది. రాష్ట్రాల హక్కులు, రాష్ట్రాల హక్కులు అని అరిచిన దక్షిణాది పెద్దమనుషులు ఆ మాట వెనక్కి చేరి మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నారట. రాష్ట్రానికి మాట ఉంది, పొలంలో పనిచేసేవాళ్ళకు లేదు. "యూ సేడ్ 'మేము'. హూ ఈజ్ 'మేము', అమ్మా?"

"నేనేమన్నా బానిసల యజమానినా? తినవే ముందు!" అన్నాను. మా ఆయన మజ్జిగ గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడని నాకు తెలుసు.

ఓటింగుకు ముందు నేను ఎవరింటికీ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళాలి? క్లాసు వాళ్ళ ఇళ్ళ కింద ఉంది, పిల్లలు లిఫ్ట్ దిగితే చాలు. షిప్‌యార్డ్ వాళ్ళావిడ మాత్రం మార్కెట్లో కనిపించింది. "నువ్వేం భయపడొద్దుమ్మా. నీ కోసమే కొట్లాడుతున్నా. క్లాసు ఎక్కడికీ పోదు" అన్నాను. ఆమె పసివాణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, "మీ ఇష్టం మేడమ్" అంది. వాళ్ళమ్మాయి పక్కన నిలబడి ఉంది. క్లాసులో అందరికన్నా పెద్దపిల్ల ఆమే. మిగతావాళ్ళు గుణింతాల దగ్గరుంటే ఆమె చందమామ కథలు గడగడా చదివేసేది. చదవడం అయిపోయాక చిన్నపిల్లలకు పెన్సిళ్ళు చెక్కి పెట్టేది. ఎంత బుద్ధిమంతురాలో అని అందరికీ చెప్పేదాన్ని.

చీటీల ఆదివారం మామూలుగానే టిష్యూ ప్యాకెట్‌తో బల్ల పట్టుకున్నాను. చక్కిలాల డబ్బా ఖాళీ చేసి, ప్లాస్టిక్ మూతకు కత్తితో గాటు పెట్టి తెచ్చాను. ఇంటికొక ఓటు. 'ఉండాలి' అనో, 'పోదాం' అనో రాయాలి. రాసేటప్పుడు ఎవరూ చూడకుండా లెటర్‌బాక్సుల గోడ వెనక్కి పోవాలి. పెద్దాయన చొక్కా చెమటతో తడిసిపోయి రైలు దిగి వచ్చారు. "ఎంత దూరం తల్లీ మీ ఊరు!" అన్నారు. "అదే కదా సార్ నేను చెప్పింది" అన్నాను. పక్క బల్ల దగ్గర చదరంగం ఆడే చైనీస్ అంకుల్ డబ్బా చూసి, "లక్కీ డ్రా ఆ?" అని అడిగాడు. అలాంటిదేనన్నాను.

ఒక్కొక్కరే వెళ్ళి రాసి వేశారు. షిప్‌యార్డ్ వాళ్ళావిడ పసివాణ్ణి కూతురికి ఇచ్చి వెళ్ళింది. అందరికన్నా ఎక్కువసేపు గోడ వెనక ఉంది. అక్షరాలు కూడబలుక్కుంటోందేమో పాపం అనుకున్నాను.

పెద్దాయన మూత తీసి ఒక్కో చీటీ విప్పి చదివారు. ఉండాలి. పోదాం. పోదాం. ఉండాలి. రెండో 'పోదాం' దగ్గర తలెత్తాను. ఎవరై ఉంటారని ముఖాలు చూశాను. అందరూ నేల వైపు చూస్తున్నారు. చివరి చీటీ దాకా సరిసమానంగా నడిచింది. ఆయన చివరిది విప్పి, నా వైపు చూశారు.

"పోదాం."

ఒక్క ఓటు తేడా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలు మాత్రం స్తంభాల చుట్టూ పరుగెడుతున్నారు.

పెద్దాయన నన్ను స్తంభం అవతలికి పిలిచారు. గొంతు తగ్గించారు. "అమ్మా, మీరు బాధపడకండి. ఇది ఇక్కడితో మర్చిపోదాం. మీ క్లాసు మీరు నడుపుకోండి, వెళ్ళేవాళ్ళు వెళ్తారు. అక్కడ వాళ్ళకి నేను చెప్పుకుంటాను. నా మాట ఎవరూ కాదనరు."

దేవుడి సాక్షిగా చెబుతున్నాను, సరే సార్ అనాలనిపించింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన కళ్ళలో నిజమైన దయ ఉంది. ఈ మనిషి చేతిలో నా క్లాసు భద్రంగా ఉంటుంది. కానీ ఎంతకాలం? ఆయనకు మనసు ఉన్నంతకాలం, ఆయన మాట చెల్లినంతకాలం. ఆయన ఒక్కరి మాటతో తెరిచి ఉంచగలిగితే, రేపు ఇంకొకరు వచ్చి ఒక్క మాటతో మూసేస్తారు. నేను హాలులో లేచి నిలబడింది దీనికోసం కాదు.

"వద్దు సార్. నేను అడిగిన లెక్కే ఇది. చీటీలు ఎట్లా చెబితే అట్లా."

"మొండిదానివమ్మా నువ్వు" అన్నారు ఆయన, మొదటిసారి నన్ను నువ్వు అని.

"అవును సార్" అన్నాను.

పైకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. సిగ్గెందుకు, బాగా ఏడ్చాను. ఓడిపోయినందుకు కాదు, నా పిల్లల తల్లుల్లో సగానికి పైగా నా క్లాసు అక్కర్లేదని గోడ వెనక రాసి వచ్చినందుకు. మా ఆయన ఆ రోజు ఎగతాళి చేయలేదు. టీ పెట్టి ఇచ్చి, పక్కన కూర్చున్నాడు. మా అమ్మాయి "ఓకే లా అమ్మా, యూ డిడ్ ఇట్ ప్రాపర్లీ" అంది. నాకు ఆ మాట అప్పుడు రుచించలేదు.

అయినా మరుసటి ఆదివారం నేనూ రైలెక్కాను. క్లెమెంటిలో పెద్దపిల్లల తరగతి నాకే ఇచ్చారు. పోకుండా అలిగి కూర్చుంటే, ఓట్ల మీద నాకున్న గౌరవం గెలిచినప్పటిదాకానేనని తేలిపోతుంది. సెంబవాంగ్ స్టేషన్లో షిప్‌యార్డ్ వాళ్ళావిడ పసివాణ్ణి గుడ్డతో ఎదకు కట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. అయ్యో పాపం, ఎంత అవస్థ వచ్చింది నీకు, అని సానుభూతి మొదలుపెట్టాను. ఆమె విని, పసివాడి గుడ్డ సర్దుకుంది. క్రాంజి స్టేషన్ దాటాక, అమ్మాయి కిటికీ వైపు తిరిగి ఉన్నప్పుడు, మెల్లగా అంది.

"మేడమ్, ఒక మాట సెప్తాను, ఏటీ అనుకోకండి. నేను పోదాం అనే రాసినానండి."

నేను ఆమె వైపు తిరిగాను.

"మా పిల్ల ఆ సిన్నపిల్లల్లో ఉండిపోతందండి. పెన్సిళ్ళు సెక్కడానికి నానెందుకమ్మా ఎల్డం, మానేస్తాను అని రోజూ ఏడుపు. ఈడు పిల్లలు ఉంటే నేర్సుకుంటాది కదేటండి. దూరానికేటి, రైల్లో కూకుంటే అదే ఎల్తాది."

కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. "నీ పేరు చెప్పి నేను అంతమందితో కొట్లాడితే, ఒక్క మాట చెప్పొద్దా నాకు? మార్కెట్లో కనపడినప్పుడైనా చెప్పొద్దా?"

"మీరు నా కోసం దెబ్బలాడుతున్నానన్నారు. నాకేటి కావాలో అడగనేదు కదండీ." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "ఎదురుగా సెప్పనేక డబ్బాలో ఏసినాను."

జురాంగ్ ఈస్ట్ వచ్చేదాకా స్టేషన్ల పేర్లు చదువుతూ కూర్చున్నాను. వరంగల్ ఆయన అడిగిన ప్రశ్న, మా అమ్మాయి అడిగిన ప్రశ్న, రెండూ నా ఎదురు సీట్లో కూర్చున్నట్టే ఉంది. దిగేటప్పుడు జనం తోసుకుంటుంటే ఆమె సంచి నేను అందుకున్నాను. ఆమె ఇచ్చింది.

కొన్నాళ్ళకు క్లెమెంటిలో తల్లిదండ్రుల మీటింగు జరిగింది. ఈసారి ప్రతిపాదన నాది. మధ్యాహ్నం క్లాసు పొద్దున్నే తొమ్మిదింటికి మార్చాలని. పిల్లలు తాజాగా ఉంటారు, మిగతా రోజు అందరికీ కలిసొస్తుంది. బాగా ఆలోచించి చెప్పాను, అందరూ తలలూపారు. పెద్దాయన ఆనందం పట్టలేక, "చూశారా, మన మేడం గారు చెబితే ఇక తిరుగేముందండీ! ఏకగ్రీవం!" అని చేతులు పైకెత్తారు. చప్పట్లు మొదలయ్యాయి. నాకోసం కొట్టే చప్పట్లు కదా, చెవికి ఇంపుగానే ఉన్నాయి.

"నేదండి."

వెనక వరుసలోంచి. షిప్‌యార్డ్ వాళ్ళావిడ లేచి నిలబడింది. పసివాడు ఆమె కొంగు నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. ముఖం ఎర్రబడింది, కానీ కూర్చోలేదు. "పొద్దున్నే తొమ్మిదంటే మాకు కుదరదండి. నాకు సమ్మతం కాదు."

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి, సెంబవాంగ్ నుంచి తెచ్చి అలమరలో పెట్టుకున్న చక్కిలాల డబ్బా తీసుకొచ్చి బల్ల మీద పెట్టాను.